బొట్టు పెట్టని పిలుపు

మా మేనత్త నాకు బొట్టు పెట్టకుండా దాటిపోయిన రోజున మా ఇంట్లో ఎవరెవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ఇప్పుడు అడిగినా చెప్పగలను. కాని నా పీహెచ్‌డీ వైవా దగ్గరపడుతున్నా, మొదటి స్లైడులో నేనే రాసుకున్న నాలుగు మాటలు చూడకుండా చెప్పడం నాకు చేతకాలేదు. నిలబడగానే నోరు ఎండిపోయేది. గొంతులోంచి వచ్చేది నా గొంతులా ఉండేది కాదు.

వైవా అంటే, ఏళ్ళ తరబడి రాసిన గ్రంథాన్ని పరీక్షకుల ముందు నిలబడి నోటితో నిలబెట్టుకోవడం. మా విశ్వవిద్యాలయంలో అది తలుపులు తెరిచి జరుగుతుంది. నోటీసు చూసి ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు, అడగవచ్చు. నా గ్రంథం కన్నడంలో ఉంది. మా రాయచూరు తెలుగువాళ్ళ చదువంతా కన్నడమే, తెలుగు ఇంటిది. తెలుగు చదవడం, రాయడం నేను పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. సింధనూరులో స్థిరపడ్డ ఒక కోస్తా రైసుమిల్లు వారి ఇంటావిడ నా మాట విని, "మీది తెలుగేనాండీ?" అని నవ్వినందుకు.

నేను రాసింది మా ఊరి పాతబస్తీ తెలుగు ఇళ్ళలో పిలుపుల గురించి. మా దగ్గర శుభలేఖ పిలుపు కాదు. అది తేదీ గుర్తుండటానికి. పిలుపు అంటే, ఆ ఇంటి ఆడమనిషి కుంకుమ భరిణ పట్టుకుని వచ్చి, ఇంటి కడప దాటి లోపల నిలబడి, ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టి, నోటితో చెప్పాలి. అందులోనూ అంతరాలున్నాయి. ఉత్త "రండి" వేరు. "పొయ్యి ముట్టియ్యొద్దు" వేరు. ఆ మాట అంటే ఆ పూట ఇంటిల్లిపాదీ అక్కడే తినాలి. ఆ మాట ఒక ఇంట్లో చెప్పి పక్కింట్లో చెప్పకపోతే, తల్లుల నాటి తగాదా కూతుళ్ళ దాకా నడుస్తుంది. ఇదీ నా గ్రంథం. విషయం చెప్పిన మొదటి రోజున మా గైడు సారు, "ఇది పరిశోధనా, ఆడవాళ్ళ కాలక్షేపమా?" అన్నారు. ఎదురుగా నాకన్నా చిన్నవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు టీ వచ్చింది. నాకు రాలేదు.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌ను. పేరుకే అతిథిని. ఏటా వాళ్ళు మళ్ళీ పిలిస్తేనే పోవాలి. ఈసారి పీహెచ్‌డీ లేనివాళ్ళను చివర్న చూస్తారని ఖాయంగా తెలిసింది. చివర్న అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. వేరే ఊరి నుంచి రావాల్సిన పరీక్షకుడు ఎన్నోసార్లు వాయిదా వేసి చివరికి ఒక శుక్రవారం ఒప్పుకున్నారు. అది తప్పితే మళ్ళీ వచ్చే సెమిస్టరే. అప్పటికి కాలేజీలో నా క్లాసులు ఇంకొకరికి పోతాయి. ఆ జీతం తప్ప నాకు వేరే ఆధారం లేదు, తమ్ముడి ఇంట్లో ఒక గది తప్ప వేరే చోటూ లేదు.

ఇక ఆ చీరల సంగతి.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది నిండలేదు. నేను పుట్టింటికి వచ్చేశాను. మేనత్త తన కొడుకు పెళ్ళికి పిలవడానికి వచ్చింది. అమ్మ పసుపు అంచు ఎర్రచీరలో ఉంది. తమ్ముడి భార్య ఆకుపచ్చ చీరలో ఉంది. అత్త వంకాయ రంగు ఇల్కల్ చీర కట్టుకుని, చేతిలో వెండి భరిణతో వచ్చింది. నేను అమ్మ పక్కనే నిలబడ్డాను. మా ఆచారం తెలియక కాదు. ఆమె నన్ను ఎత్తుకుని పెంచిన అత్త కదా, నా దగ్గర ఆచారం ఏమిటి అనుకున్నాను. ఆమె అమ్మకు బొట్టు పెట్టింది. మరదలికి పెట్టింది. కుంకుమ అంటిన వేలు నా దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయింది. ఆ వేలిని చీరచెంగుకు తుడుచుకుని, "నువ్వు గూడ రా బిడ్డా. వంటకాడ నీ చెయ్యి ఉంటే మాకు ధైర్యం," అంది.

వంట దగ్గర. పందిట్లో కాదు.

నేను ఆ పెళ్ళికి పోలేదు. నేను రాలేదని ఎవరూ గమనించలేదని తర్వాత తెలిసింది. వంటవాళ్ళు సరిపోయారట.

మర్చిపొమ్మని చాలామంది చెప్పారు. నేను మర్చిపోవడానికి బదులు దాని మీద పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను. అయితే ఆ పనికి మళ్ళీ అత్తే కావలసి వచ్చింది. పాతబస్తీలో ఎవరింట్లో పెళ్ళయినా పిలుపులకు ఆమెను వెంట తీసుకుపోయేవారు. ఏ ఇంటికి ముందు పోవాలి, తోటికోడళ్ళలో ఎవరికి ముందు బొట్టు పెట్టాలి, పొయ్యి ముట్టియ్యొద్దని ఎవరికి చెప్పాలి, అవన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. ఆమెకు ఇష్టమైన పాలకోవా పేడాలు తీసుకుని పోయి, ఫోను ఎదురుగా పెట్టి, ఆమె చెప్పిందంతా రికార్డు చేసుకున్నాను. మామ అప్పుడు బతికే ఉన్నాడు, ఆ రికార్డుల్లో వెనక ఆయన దగ్గు వినిపిస్తుంది. మొగుడు పోయినామె ఇంట్లో ఉంటే ఎట్లా పిలవాలని అడిగాను. అత్త పేడా నములుతూనే చెప్పింది.

"ఆమెకు బొట్టు పెట్టనీకె లేదు. నువ్వు గూడ రామ్మా అని ఒక్క మాట అనాలె, ముందుకు పోవాలె. ఎక్కువసేపు నిలబడొద్దు. ఆమె మొఖం చూస్తే మనకే కాళ్ళు ఆడయి."

"మరి ఆమెకు ఎట్లుంటది అత్తా?"

"ఆమెకు తెలుసు కదనే. తెలిసినామెకు కొత్తగ ఏముంటది?"

నేను ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను. నా నాలుగో అధ్యాయం మొత్తం ఈ మాటల మీదే నిలబడింది. భర్త లేని ఆడది పిలవదు, ఆమెకు పిలుపూ ఉండదు, ఈ నియమానికి మినహాయింపు లేదు అని రాశాను.

ఆ తర్వాత, పోయిన ఏడాది, మామ పోయాడు. కొడుకు శక్తినగర్‌లో కరెంటు కార్ఖానా ఉద్యోగి. అత్తను అక్కడి క్వార్టర్స్‌కు తీసుకుపోయాడు.

వైవాకు ముందు గైడు సారు తన గదిలో ఒకసారి నా చేత మాట్లాడించి చూశారు. మధ్యాహ్నం దాకా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత పిలిచి, నేను మాట్లాడుతుంటే ఫోను చూసుకున్నారు. నేను ముగించాక, "వార్తలు చదువుతున్నావా?" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. "నువ్వు రాసినట్టు లేదు. ఎవరో రాసిస్తే నువ్వు చదువుతున్నట్టుంది." పరీక్ష పేపర్లు దిద్దుతూ, అమ్మ మంచం పక్కన కూర్చుని, ఆమె పోయాక ఆ మంచం మీదే కూర్చుని, ప్రతి పేజీ నేనే రాశాను. ఆ మాట అన్నది నన్నే కాదు, ఆ రోజులన్నిటినీ అన్నట్టు అనిపించింది.

"పరీక్షకుడు తన రిపోర్టులో అసలు గొంతులు వినాలని రాశారు. ఏమైనా ఉన్నాయా?" అన్నారు సారు.

అత్త మాటలు వినిపించాను. ఆయన ఫోను కింద పెట్టారు. మళ్ళీ పెట్టమన్నారు. "మొదట ఇదే పెట్టు. ఇది విన్నాక నువ్వు తడబడినా ఎవరూ పట్టించుకోరు," అన్నారు.

అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. అయినా ఆయన చెప్పింది నిజమైంది. ఇంటికి వచ్చి, ఆ రికార్డు పెట్టి, వెంటనే లేచి మాట్లాడితే నా నోరు ఆగలేదు. ఆ గొంతు వినగానే నాకు కోపం వచ్చేది, కోపం రాగానే భయం పోయేది. మరదలు వంటింటి కడపలో పుంటికూర ఆకు తుంచుతూ నా సభ అయ్యేది.

"బాగుంది వదినా. గని నన్నే తిడుతున్నట్టుంది. నేనేం చేసిన్నో చెప్పు, మళ్ళ చెయ్య," అంది ఒకరోజు.

ఎన్నో వారాల తర్వాత నేను నవ్వాను. ఆ ఉత్సాహంలోనే పొరపాటు చేశాను. డిపార్టుమెంటు నోటీసును ఫొటో తీసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "శుక్రవారం నా వైవా, అందరూ రండి, మన అత్త గొంతు కూడా వినిపిస్తాను" అని రాశాను. అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. సోమవారం అత్త కొడుకు ఫోను చేశాడు. నాకన్నా చిన్నవాడు.

"వదినా, అమ్మ గొంతు ఆడ పెట్టొద్దంట."

"ఎందుకట?"

"నాకేం తెల్వదు. మా ఇంట్లామె గ్రూపు చదివి వినిపిచ్చింది. అప్పటిసంది సరిగ తింటలే. పిలవని పేరంటానికి మనిషే పోదు, గొంతెట్ల పోతది అంటున్నది. నన్ను నడుమల వెయ్యకుండ్రి, మీ అత్తకోడండ్లు మీరే చూసుకోండ్రి."

ఫోనులో చెప్పింది పిలుపు కిందికి రాదని నేను ఒక అధ్యాయం మొత్తం రాశాను. రాసిన నేనే ఫోనులో పిలిచాను. కాని ఇంకెట్లా పిలవాలి? కుంకుమ పట్టుకుని ఒకరి కడప తొక్కడానికి అత్త లెక్క ప్రకారం నాకు హక్కు లేదు. బొట్టు పెట్టి పిలవకూడదు, ఫోనులో పిలిస్తే పిలుపు కాదు. నాకు రెండు దారులూ మూసిపెట్టిన మనిషే ఇప్పుడు నన్ను పిలవలేదని అలిగి కూర్చుంది.

గైడు సారుకు చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. "ఆమె వద్దన్నాక ఎట్లా వినిపిస్తావు? తలుపులు తెరిచి జరిగే వైవా. వాళ్ళవాళ్ళు ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే నేను సంతకం పెట్టను. ఆమెను ఒప్పించుకో, లేకపోతే అది తీసేసి మాట్లాడు," అన్నారు.

తీసేసి మాట్లాడి చూశాను. మొదటి స్లైడు దాటలేదు. నీళ్ళు తాగి మళ్ళీ లేచాను, దాటలేదు. బీరువా అద్దం ముందు నిలబడ్డాను. నా పెదాలు కదులుతున్నాయి కాని మాట రావడం లేదు. మంగళవారమంతా ఇదే పని. ఎండకు గోడలు కాగుతున్నాయి, కరెంటు వస్తోంది, పోతోంది, నేను "గౌరవనీయ పరీక్షకులకు నమస్కారం" దగ్గరే ఉన్నాను. సాయంత్రానికి సారుకు "ఆరోగ్యం బాగాలేదు, వాయిదా వేయించండి" అని మెసేజి రాసి, పంపలేక, చెరిపేయలేక, ఫోనును బియ్యం డబ్బా మీద పెట్టి నేల మీద కూర్చున్నాను.

మరదలు వచ్చి పక్కన కూర్చుంది. "పోయి పిలవరాదు వదినా? నేనొస్త. నేను పెడత బొట్టు."

"వద్దు," అన్నాను. "వైవా నాది. నా బదులు ఇంకొకరి చెయ్యి ఎందుకు?"

"నాకు ఇంకోటి సమజైతలే," అంది. "మామ పోయినంక అత్తకు గూడ పెట్టొద్దు కద. మరి ఏమని పిలవాలంటది?"

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. నా కోపంలో అత్త ఎప్పుడూ వంకాయ రంగు ఇల్కల్ చీరలోనే ఉండేది.

బుధవారం పొద్దున శక్తినగర్ బస్సు ఎక్కాను. ఏమీ తీసుకుపోలేదు, పేడాలు కూడా. దారిపొడవునా, చిమ్నీలు కనపడటం మొదలయ్యాక కూడా, ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అదీ కుదరలేదు.

క్వార్టరు తలుపు తీసే ఉంది. కొడుకు డ్యూటీలో, కోడలు స్కూల్లో ఉన్నారు. అత్త ముందరి వరండాలో గుడ్డలు ఆరవేసే తీగను తడిబట్టతో తుడుస్తోంది. అక్కడ రోజూ తుడవాలి, లేకపోతే చిమ్నీ బూడిద బట్టలకు అంటుతుంది. నన్ను చూసి తుడవడం ఆపలేదు.

"ఫోన్లనే రాకపోయినవా," అంది.

నేను మెట్టు దిగువనే నిలబడ్డాను. లోపలికి రమ్మనలేదు.

"అత్తా, శుక్రవారం నాకు పరీక్ష. నీ గొంతు లేకుంటే నేను మాట్లాడలేను."

"గింత సదువు సదివినవు. నీకు నోరు లేదా?"

"లేదు," అన్నాను. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆమె ముందు ఏడవకూడదని ఎన్నో ఏళ్ళుగా పెట్టుకున్న పంతం అక్కడే పోయింది.

"ఏ మాట పెడతవు?"

ఆమెకు తెలుసు. అయినా ఫోను తీసి, అక్కడే నిలబడి వినిపించాను. ఆమె గొంతు, వెనక మామ దగ్గు. "ఆమె మొఖం చూస్తే మనకే కాళ్ళు ఆడయి" దాకా వచ్చేసరికి తీగ మీద బట్ట ఆగిపోయింది.

"సాకు, ఇగ చాలు. బంద్ చెయ్యి," అంది. "గప్పుడు మీ మామ ఉండె."

"తెలుసు."

"గా మాట ఇప్పుడు నా నోటితో నలుగురికి వినిపిస్తవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నాకు వినిపించలేదా అత్తా? మా ఇంట్ల. అమ్మ ముందర, తమ్ముని పెండ్లాం ముందర. అమ్మకు పెట్టినవు. దానికి పెట్టినవు. నా దాకా వచ్చిన ఏలు ఎనుకకు పోయింది. నువ్వు వంకాయ రంగు ఇల్కల్ చీర కట్టుకున్నవు. చెంగుకు తుడుసుకున్నవు. వంటకాడ ఉండుమన్నవు."

ఇవన్నీ కన్నడంలో, అధ్యాయాలుగా, ఆధారాలతో రాసినదాన్ని. నోటితో చెప్పడం అదే మొదటిసారి.

అత్త తీగ వదిలి నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు గది కడుపుల పెట్టుకొని నా ఇంటికి పేడాలు తెస్తుంటివా?"

"తెస్తుంటి."

"మంచిగనే తింటి," అని మెట్టు మీద కూర్చుంది. తడిబట్ట ఒళ్ళో పెట్టుకుంది. "పక్కింట్ల పెండ్లాయె. కోస్తావాళ్ళు. కార్డు తలుపు సందులకెళ్ళి ఏసిపోయిన్రు. పోనీ, వాళ్ళకు తెల్వదు. మొన్న రాయచూరు నుంచి మనోళ్ళే వచ్చిన్రు. వాళ్ళింట్ల మూడు పెండ్లిండ్లకు నేనే పిలుపులకు తిరిగిన. ఆ పిల్లకు భరిణ పట్టుకునుడు నేర్పిందే నేను. వచ్చింది. నా కోడలికి బొట్టు పెట్టింది. నన్ను, నువ్వు గూడ రామ్మా అన్నది. బరాబర్ నేను నేర్పినట్టే. మొఖం చూడలే, నిలబడలే."

నాకు జాలి కన్నా ముందు తృప్తి కలిగింది. దాచుకునే అవసరం నాకు కనపడలేదు. జాలి తర్వాత వచ్చింది, బస్సులో.

"గొంతు పెట్టుకో," అంది అత్త. "గని నేనొస్త. ఆడనే కూసుంట. గా మాటన్న ముసల్ది ఎవరో అందరికి కనపడాలె. దొంగతనంగ నా గొంతొక్కటే పోవొద్దు. నన్ను సరిగ్గ పిలువు."

"సరిగ్గ అంటే?"

లేచి లోపలికి పోయి భరిణ తెచ్చింది. అదే భరిణ. మూత బిగిసిపోయి ఉంది. ఊడదీస్తే లోపల కుంకుమ గడ్డకట్టింది.

"ఏ చేత్తో పెట్టాలె అత్తా? నువ్వు చెప్పిన లెక్కల నాకు చెయ్యి లేదు. నీకు నొసలు లేదు."

"లెక్క చెప్పింది నేనే కద. ఇప్పుడు గూడ నేనే చెప్తున్న. పెట్టు."

పెట్టి, చెప్పి, బస్సెక్కితే నా పని అయిపోయేది. కాని నా చెయ్యి లేవలేదు.

"ముందు నువ్వు నాకు పెట్టు," అన్నాను. "అప్పటిది."

"మొండిముండ," అంది. "అచ్చం మీ నాయన." కుంకుమ గడ్డను గోటితో చిదిపి, వేలు తడిచేసుకుని, నా నొసట ఒత్తింది. మెల్లగా పెట్టలేదు. నొప్పి పుట్టేలా ఒత్తింది. తర్వాత ఆ వేలిని చెంగుకు తుడుచుకోబోయి, ఆగి, అట్లాగే ఉంచుకుంది.

నేను మెట్టెక్కి, కడప దాటి, లోపల నిలబడ్డాను. ఆమెకు బొట్టు పెట్టాను. "అత్తా, శుక్రవారం పదకొండు గంటలకు నా వైవా. మీరు రావాలె. పొయ్యి ముట్టియ్యొద్దు."

"ఇంటిల్లిపాదా?"

"ఇంటిల్లిపాది."

"సరే. కూసో. చాయ్ పెడత," అంది.

శుక్రవారం ఆమె కొడుకూ కోడలితో వచ్చి ముందు వరసలో కూర్చుంది. నొసట కుంకుమ ఉంది, ఆమే పెట్టుకుని వచ్చింది. కోడలు తల దించుకుని కూర్చుంది. మా బంధువులు ఇద్దరు ముగ్గురు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడారు. పరీక్షకుడు పెద్దాయన, సన్నగా, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నారు. నేను రికార్డు పెట్టాను. హాలంతా అత్త గొంతు. వెనక విద్యార్థులు ఎవరో పేడా నమిలే చప్పుడుకు నవ్వారు.

ఇప్పుడు కోపం రావాలి. రాగానే నోరు తెరుచుకోవాలి. అన్ని రోజులూ అట్లాగే సాధన చేశాను. కాని ఎదురుగా ఆ గొంతు మనిషి తన గొంతును తానే తల వంచకుండా వింటోంది. నాకు కోపం రాలేదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. నమస్కారం చెప్పాను, మొదటి స్లైడు చదివాను, రెండోది తడబడుతూ చదివాను, మూడో దగ్గర ఆగిపోయాను. గైడు సారు గడియారం చూసుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది. కాలేజీ, జీతం, తమ్ముడి ఇంట్లో గది, అన్నీ ఆ మూడో స్లైడు అవతల ఉన్నట్టున్నాయి, నేను ఇవతల ఉన్నాను.

పరీక్షకుడు చెవి దగ్గర చెయ్యి తీసేశారు. "ఆ గొంతు ఎవరిది?" అని కన్నడంలో అడిగారు.

చూపించాను.

"ఈమెకు భర్త ఉన్నారా?"

"పోయిన ఏడాది పోయారు సార్."

"మీ నాలుగో అధ్యాయం ప్రకారం ఈమెకు ఎవరూ బొట్టు పెట్టి పిలవకూడదు. మినహాయింపు లేదని రాశారు. మరి ఈమెను ఇక్కడికి ఎవరు పిలిచారు? ఎట్లా పిలిచారు?"

గైడు సారు నా వైపు చూడటం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అత్త లేచింది. "ఇదే పిలిచింది. బొట్టు పెట్టి పిలిచింది," అంది కన్నడంలో, హాలు మొత్తానికి.

"అమ్మా, డిగ్రీ మీకు కాదు కదా. ఆమె చెప్పాలి," అన్నారాయన. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు, కూర్చోలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

"నేనే పిలిచాను సార్," అన్నాను. "జాలితో కాదు. నాకు ఆ గొంతు కావాలి కనక. ఈమె కూడా ప్రేమతో పిలిపించుకోలేదు. ఈమెను ఇప్పుడు ఎవరూ పిలవడం లేదు కనక. నేను రాసిన నియమం అబద్ధం కాదు. పన్నెండేళ్ళుగా అది నా మీదే అమలైంది. కాని నియమం పెట్టినామె మీదికే అది తిరిగి వస్తే ఏమవుతుందో నేను రాయలేదు. నాకు తెలియదు. మొన్న బుధవారం తెలిసింది."

అక్కడి నుంచి నేను ఆగలేదు. స్లైడ్లు మార్చలేదు. వెనక్కి పోయిన వేలి గురించి చెప్పాను, ఎవరి వేలో చెప్పలేదు. చెప్పనక్కర లేదు, ఆమె నిలబడే ఉంది. శక్తినగర్‌లో ఆమె కోడలికి మాత్రమే బొట్టు పెట్టి పోయినామె గురించి చెప్పాను. గైడు సారు చాలుచాలని దగ్గారు, అయినా చెప్పాను. ముగించాక చూసుకుంటే నా అరచేతులు బల్లను పట్టుకుని తెల్లబడి ఉన్నాయి.

వాళ్ళు పక్కగదిలోకి పోయి, తిరిగి వచ్చి, డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని ప్రకటించారు. నాలుగో అధ్యాయంలో ఈ బుధవారం సంగతి చేర్చాలని పరీక్షకుడు షరతు పెట్టారు. కాలేజీలో చూపించడానికి కాగితం సోమవారం ఇస్తామన్నారు. గైడు సారు నా దగ్గరికి వచ్చి, "ఆ గొంతు పెట్టమని నేనే చెప్పాను కదా," అన్నారు. అవునన్నాను. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

వైవా అయ్యాక అభ్యర్థి అందరికీ భోజనం పెట్టడం అక్కడి మర్యాద. మరదలు పొద్దున్నే జొన్నరొట్టెలు, నూనె వంకాయ, పుంటికూర చేయించి పంపింది. అందరూ పక్క హాల్లోకి పోయి బల్లల ముందు కూర్చున్నారు. నేను పరీక్షకుడికి వడ్డించాను. సారుకు పెరుగు వేశాను. తలుపులోంచి చూస్తే వైవా హాల్లో అత్త ఇంకా ముందు వరస కుర్చీలోనే ఉంది. కొడుకు లేవమంటున్నాడు, ఆమె వినడం లేదు. ఎందుకో నాకు తెలుసు. పిలిచినామె వేళకు మళ్ళీ వచ్చి నోటితో లేవమనేదాకా పిలుపుకు వచ్చిన మనిషి పంక్తికి లేవదు. అది నా గ్రంథంలో మూడో అధ్యాయం.

ఆమె నా వైపే చూస్తోంది. నేను చూడనట్టు పరీక్షకుడికి ఇంకో రొట్టె వేశాను. వంకాయ గిన్నె పట్టుకుని ఒక వరస మొత్తం తిరిగాను. ఆమెను కూర్చోనిచ్చాను. తర్వాత చేతులు కడుక్కుని పోయాను.

"అత్తా, లే. భోజనానికి రా."

"వంటకాడికా, పంక్తికాడికా?" అంది.

"పంక్తికి."

నా చెయ్యి పట్టుకుని లేచింది. పట్టు గట్టిగా ఉంది. "గింతసేపు కూసోబెట్టినవు," అంది నడుస్తూ. "యాదుంచుకుంట."

"ఉంచుకో అత్తా," అన్నాను.